కాంపిటెన్సీ జ్యూరీలో కూర్చోవాల్సి వస్తే: తరచుగా అడిగే ప్రశ్నలు

రెండేళ్ల క్రితం టెక్సస్‌లో ఒక జిల్లా కోర్టులో నేను జ్యూరర్‌గా కూర్చున్నాను. నేరం ఎవరు చేశారో తేల్చమని మమ్మల్ని అడగలేదు. ఎదురుగా ఉన్న మనిషికి తన మీద నడుస్తున్న కేసును ఎదుర్కొనే మానసిక సామర్థ్యం ఉందా లేదా, అదొక్కటే తేల్చమన్నారు. అప్పటి నుంచి మా కాలనీలో ఎవరికి జ్యూరీ సమన్లు వచ్చినా నాకే ఫోన్ వస్తుంది. గుడిలో ప్రసాదం దగ్గర, పిల్లల డాన్స్ క్లాసు బయట, అవే సందేహాలు. అందుకే అన్నీ ఒకచోట రాస్తున్నాను. నేను లాయర్ని కాను. మీ ఇంట్లోనే కేసు ఉంటే మీ లాయర్ మాటే వినండి. ఇక్కడ రాసింది ఎక్కువగా టెక్సస్ పద్ధతి. వేరేచోట తేడా ఉంటే ఆ జవాబులోనే చెప్పాను.

## ముందుగా తెలుసుకోవాల్సినవి

కాంపిటెన్సీ అంటే ఏంటి? పిచ్చి ఉందో లేదో చూడటమేనా?

కాదు. స్కిజోఫ్రీనియా లాంటి తీవ్రమైన మానసిక జబ్బు ఉన్న మనిషి కూడా కాంపిటెంట్ (విచారణకు సమర్థుడు) కావచ్చు. చూడాల్సినవి రెండే. తన లాయర్‌తో కాస్త సబబుగా మాట్లాడుకుని, కేసుకు పనికొచ్చే సంగతులు చెప్పగలడా? తన మీద ఏం కేసు నడుస్తోందో, దానివల్ల తనకు ఏం జరగొచ్చో అర్థం చేసుకోగలడా? రెంటిలో ఏ ఒక్కటి లేకపోయినా ఆ మనిషిని విచారించకూడదు.

ఈ కొలత 1960లో అమెరికా సుప్రీంకోర్టు మిల్టన్ డస్కీ కేసులో పెట్టింది. డస్కీకి తానెక్కడున్నాడో తెలుసు, తేదీ తెలుసు, జరిగింది కొంత గుర్తుంది, కాబట్టి సరిపోతుందని కింది కోర్టు అనుకుంది. సరిపోదని సుప్రీంకోర్టు తేల్చింది. విషయం తెలిసి ఉండటం ఒకటి, ఆ తెలిసినదాన్ని సబబుగా ఆలోచించగలగడం ఇంకొకటి. రెండూ ఉండాలి.

"ఇన్‌సానిటీ" అంటారు కదా, ఇదీ అదీ ఒకటేనా?

ఒకటి కాదు. అందరూ ఇక్కడే తికమక పడతారు. ఇన్‌సానిటీ అంటే నేరం జరిగిన రోజు అతని మనసు ఎలా ఉంది అన్న ప్రశ్న. కాంపిటెన్సీ అంటే ఇవాళ ఎలా ఉంది అన్న ప్రశ్న.

హ్యూస్టన్‌లో ఆండ్రియా యేట్స్ కేసు చూడండి. 2001 జూన్‌లో తన ఐదుగురు పిల్లలను నీళ్లలో ముంచి చంపిన తల్లి ఆమె. ఆ సెప్టెంబర్‌లో ఒక జ్యూరీ ఆమె విచారణకు కాంపిటెంట్ అని చెప్పింది. 2002లో ఇంకో జ్యూరీ దోషి అంది. ఆ తీర్పును 2005లో అప్పీలు కోర్టు కొట్టేసింది, ఒక నిపుణుడి సాక్ష్యంలో తప్పు ఉండటం వల్ల. 2006లో మూడో జ్యూరీ, నేరం చేసే సమయంలో ఆమె మతి సరిగ్గా లేదు కాబట్టి దోషి కాదని చెప్పింది. మొదటి జ్యూరీ మాటకూ మూడో జ్యూరీ మాటకూ పేచీ ఏమీ లేదు. వాళ్లు జవాబిచ్చిన ప్రశ్నలే వేరు.

అమెరికా అంతటా దీన్ని జ్యూరీయే తేలుస్తుందా?

లేదు. చాలా రాష్ట్రాల్లో జడ్జే తేలుస్తారు. ఫెడరల్ కోర్టుల్లోనూ జడ్జే. టెక్సస్, కాలిఫోర్నియా, ఓక్లహోమా, జార్జియా, ఇల్లినాయ్ లాంటి కొన్ని రాష్ట్రాల చట్టాలు మాత్రం జ్యూరీని అడిగే వీలు కల్పించాయి. టెక్సస్‌లో అయితే ముద్దాయి తరఫు అడగొచ్చు, ప్రాసిక్యూటర్ అడగొచ్చు, జడ్జి తనంతట తానే పిలవొచ్చు. ఎవరూ అడగకపోతే జడ్జి తేల్చేస్తారు.

ఇండియాలో జ్యూరీ లేదుగా, మరి అక్కడ ఎవరు చూస్తారు?

కోర్టే చూస్తుంది. భార్య ప్రియుడిని కాల్చి చంపిన నౌకాదళ అధికారి నానావతి కేసులో 1959లో బొంబాయి జ్యూరీ 8-1తో నిర్దోషి అంటే, ఆ తీర్పును హైకోర్టు తిప్పేసిన సంగతి చాలామందికి తెలుసు. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌కి వచ్చేసరికి జ్యూరీకి చోటే లేకుండా పోయింది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 367, 368 సెక్షన్లు ఈ విషయం చెబుతాయి. తన వాదన తాను చెప్పుకోలేని స్థితిలో ముద్దాయి ఉన్నాడని అనుమానం వస్తే కోర్టు అతన్ని వైద్యులకు చూపిస్తుంది, వాళ్ల నివేదిక చూసి నిర్ణయిస్తుంది. కొలత పేరు వేరైనా అక్కడ అడిగేదీ దాదాపు ఇదే: ఈ మనిషి ఇప్పుడు తన కేసు తాను చూసుకోగలడా?

లాయర్ "మా వాడి మతి బాగాలేదు" అంటే చాలు, జ్యూరీ వచ్చేస్తుందా?

రాదు. టెక్సస్‌లో మొదట ఎవరో ఒకరు అనుమానం లేవనెత్తాలి. జడ్జికే అనుమానం వస్తే తానే లేవనెత్తాలి. అందులో పస ఉందనిపిస్తే నిపుణుడితో పరీక్ష చేయిస్తారు. రిపోర్టు చూశాక రెండు పక్షాలూ, జడ్జీ "అవును, ఇతను కాంపిటెంట్ కాదు" అని ఒప్పుకుంటే విచారణే అక్కర్లేదు. చాలా కేసులు అక్కడే ముగుస్తాయి. జ్యూరీ దాకా వచ్చిందంటే లాయర్లకూ జడ్జికీ మధ్య ఏకాభిప్రాయం కుదరలేదన్నమాట. కాబట్టి సులువైన కేసు వస్తుందని ఆశపడకండి.

## సమన్లు వచ్చాక

అక్కా, గ్రీన్ కార్డు మీద ఉన్నాను. నాకూ సమన్లు వచ్చాయి, వెళ్లాలా?

అమెరికా పౌరులే జ్యూరర్లు కాగలరు. గ్రీన్ కార్డు, హెచ్-1బీ ఉన్నవాళ్లు అర్హులు కారు. అలాగని కాగితాన్ని పక్కన పడేయకండి. వెనక ఉన్న ఫారంలో పౌరులు కాదన్న గడిలో టిక్ పెట్టి పంపండి. పొరపాటున "పౌరుడిని" అని టిక్ పెట్టారంటే రేపు ఇమ్మిగ్రేషన్‌లో అదే తలనొప్పి అవుతుంది. ఆ ఒక్క గడి రెండుసార్లు చూసుకోండి.

ఇంట్లో ఒకరు డిప్రెషన్‌కి మందులు వాడుతున్నారు. అందరి ముందూ చెప్పాలా?

నిజం చెప్పాలి, అందరి ముందూ చెప్పనక్కర్లేదు. జ్యూరీని ఎంచుకునేటప్పుడు లాయర్లు "మీకు గానీ, మీ దగ్గరివాళ్లకు గానీ మానసిక సమస్యలు ఉన్నాయా" అని తప్పకుండా అడుగుతారు. చేయి ఎత్తి, జడ్జి దగ్గరికి వచ్చి విడిగా చెబుతానని అడగండి. నేనూ అలాగే చేశాను. మా పెద్దమ్మ కొడుకు ఇరవై ఏళ్లుగా మందుల మీద ఉన్నాడని బెంచి దగ్గర లాయర్లు వినేలా చెప్పాను. ఆ మాట తెలుగువాళ్ల మధ్య చెప్పడానికే నాకు అన్నేళ్లూ నోరు రాలేదు. నన్ను తీసేస్తారనుకున్నాను, తీయలేదు. "ఆ అనుభవం పక్కన పెట్టి, ఇక్కడ విన్నదాన్ని బట్టే నిర్ణయించగలరా" అని అడిగారు. అదొక్కటే వాళ్లకు కావాలి.

సైకియాట్రీలో ఓనమాలు కూడా తెలియవు. నన్నెలా కూర్చోబెడతారు?

తెలియకపోవడం అడ్డు కాదు. డాక్టర్లు వచ్చి వివరిస్తారు, వాళ్ల మాట నమ్మాలో వద్దో మీరు చూస్తారు. ఇంగ్లిష్ చదవడం, రాయడం మాత్రం రావాలి. యాస గురించి బెంగ పెట్టుకోకండి.

## విచారణ జరుగుతున్నప్పుడు

అతను ఏం నేరం చేశాడో మాకు చెబుతారా?

అభియోగం ఏంటో సాధారణంగా తెలుస్తుంది, ఎందుకంటే ఆ అభియోగం అతనికి అర్థమైందా అన్నదే ప్రశ్న. జరిగిన ఘటన వివరాల్లోకి మాత్రం పెద్దగా వెళ్లరు. "చేశాడా లేదా తెలియకుండా ఎలా" అని మనసు పీకుతూనే ఉంటుంది. టెక్సస్‌లో దోషా నిర్దోషా తేల్చడానికి వేరే జ్యూరీని ఎంచుకుంటారు. ఆ పని మీది కాదు.

డాక్టర్ అతన్ని ఏం పరీక్షిస్తారు?

టెక్సస్ చట్టం ఆరు విషయాలు చూడమంటుంది. అభియోగం, దాని పర్యవసానాలు సబబుగా అర్థమవుతున్నాయా? జరిగింది, తన మనసులో ఉన్నది లాయర్‌కు చెప్పగలడా? ఏ దారిలో వెళ్లాలో లాయర్‌తో కలిసి ఆలోచించి ఎంచుకోగలడా? కోర్టులో రెండు పక్షాలు ఎదురెదురుగా వాదిస్తాయని తెలుసా? కోర్టులో సరిగ్గా నడుచుకోగలడా? సాక్ష్యం చెప్పగలడా?

వీటికి మార్కులు వేసి కూడే లెక్క లేదు. మా కేసులో ఎక్కువ సమయం మూడో దాని మీదే గడిచింది. నేరం ఒప్పుకుంటే శిక్ష తగ్గిస్తామని ప్రాసిక్యూటర్ ఒక ఒప్పందం ఇస్తే, దాన్ని తీసుకోవాలా వద్దా అని ఆలోచించడానికి బుర్ర ఎంత స్థిమితంగా ఉండాలో తలుచుకోండి. అమెరికాలో క్రిమినల్ కేసులు చాలావరకు అలాంటి ఒప్పందాలతోనే ముగుస్తాయి. నాకైతే ఈ ఆరింటిలో అదే అన్నిటికంటే బరువైనది.

ఇద్దరు డాక్టర్లు రెండు రకాలుగా చెబితే ఎవరిని నమ్మాలి?

డిగ్రీలు ఎవరికి ఎక్కువ అని చూస్తే ఎటూ తేలదు. ఎన్నిసార్లు కలిశారు, ఎంతసేపు మాట్లాడారు, జైల్లో నర్సులు రాసిన నోట్సు చదివారా, లాయర్‌ను అడిగారా, ఇవి చూడండి. మా కేసులో ఒక డాక్టర్ గంటన్నర ఒకేసారి కలిశారు. ఇంకొకరు మూడుసార్లు, వారాల తేడాతో కలిశారు. గంటన్నర కలిసినావిడ అబద్ధం చెప్పలేదు. ఆవిడ అడిగిన ప్రశ్నలన్నిటికీ అతను సరైన జవాబులే ఇచ్చాడు: జడ్జి ఏం చేస్తారు, జ్యూరీ అంటే ఏంటి, తన లాయర్ పేరేంటి. రెండో డాక్టర్ ఇంకో ప్రశ్న అడిగారు: "నీ లాయర్‌కి ఏమేం చెప్పావు?" అతను "ఏమీ చెప్పను" అన్నాడు. ఎందుకు అంటే, ఆ లాయరమ్మ తన పళ్ల సందుల్లోంచి మాటలు దొంగిలిస్తోందన్నాడు.

జవాబులు అప్పజెప్పడం వేరు, లాయర్‌తో పని చేయగలగడం వేరు అని నాకు అప్పుడు అర్థమైంది.

నటిస్తున్నాడేమో! శిక్ష తప్పించుకోవడానికి ఎవరైనా నటించరా?

నటించేవాళ్లూ ఉంటారు, డాక్టర్లకు అది తెలుసు. దాన్ని పట్టుకోవడానికే పరీక్షలున్నాయి. నిజమైన రోగులకు ఉండని వింత లక్షణాలను మాటల మధ్యలో కలిపి అడుగుతారు, నటించేవాడు వాటికీ "అవును, ఉంది" అంటాడు. డాక్టర్ ముందు ఒకలా, తోటి ఖైదీలతో పేకాడేటప్పుడు ఇంకోలా ఉన్నాడా అని జైలు సిబ్బందిని కూడా అడుగుతారు. ఇంకోవైపు, నిజంగా జబ్బు ఉన్నవాళ్లలో చాలామంది తమకేమీ లేదని దాచడానికే చూస్తారు. నటన గురించి మీకు అనుమానం వస్తే, డాక్టర్ ఆ పరీక్ష చేశారా, ఏం తేలింది అన్నది సాక్ష్యంలో వెతకండి. మీ అనుమానమే సాక్ష్యం అయిపోకూడదు.

మందులు వేసుకున్నాడు కాబట్టి మామూలుగా ఉన్నాడు. మానేస్తే మళ్లీ మొదటికే వస్తాడు కదా?

చూడాల్సింది ఇప్పటి స్థితి. మందుల వల్ల కుదురుగా ఉన్నా సరే, ఇవాళ కుదురుగా ఉంటే కాంపిటెంటే. అయితే ఆ మందు అతనికి తప్పనిసరా, దాని వల్ల మొహం, నడక, మాట ఎలా మారాయి అన్నవి కూడా డాక్టర్ చెప్పాలి. మందు మత్తుకు మొహం మొద్దుబారినట్టు ఉంటే, చూసేవాళ్లు "ఏ పశ్చాత్తాపమూ లేదు" అనుకుంటారు. అలా అనుకోకండి.

"ఏం జరిగిందో గుర్తు లేదు" అంటున్నాడు. మరి లాయర్‌కి ఏం చెబుతాడు?

గుర్తు లేకపోవడం ఒక్కటే చాలదని ఇక్కడి కోర్టులు చెబుతూ వచ్చాయి. తలకు దెబ్బ తగిలి ఆ రాత్రి సంగతి మరిచిపోయినా, కేసును అర్థం చేసుకుని, లాయర్‌తో మాట్లాడుకుని నిర్ణయం తీసుకోగలిగితే విచారణ నడుస్తుంది. పోలీసు రిపోర్టు, వీడియో, సాక్షుల మాటలు ఆ ఖాళీని ఎంతవరకు పూరించగలవు అన్నది చూస్తారు.

కోర్టులో చూస్తే బుద్ధిగా కూర్చున్నాడు. కళ్లతో చూసింది లెక్కలోకి రాదా?

వస్తుంది, కానీ దానికి తగినంతే విలువ ఇవ్వండి. కుదురుగా కూర్చోవడం అర్థం కావడం కాదు. మా ముందు కూర్చున్న కుర్రాడి చొక్కా కొత్తది, మడతల గీతలు ఇంకా పోలేదు. తల దువ్వి ఉంది. మొదటిరోజు మాలో సగం మంది "బాగానే ఉన్నాడుగా" అనుకున్నాం. రిటైరైన ఒక బస్సు డ్రైవరు మాత్రం ఒకటి గమనించాడు. లాయరమ్మ చెవిలో ఏదో చెప్పడానికి వంగిన ప్రతిసారీ అతను అరచేత్తో నోరు మూసుకుంటున్నాడు. కుర్చీని అంగుళం అంగుళం జరుపుకుంటూ, సాయంత్రానికి బల్ల చివరికి చేరాడు. ఆయన చెప్పేదాకా నేనసలు చూడనే లేదు.

ముద్దాయి మన తెలుగువాడైతే? "నా ఖర్మ", "దేవుడు చెప్పాడు" అంటే పిచ్చి అనుకోరా?

అనుకునే ప్రమాదం ఉంది, అందుకే ఈ ప్రశ్న చాలా ముఖ్యం. "అంతా నా ఖర్మ, ఏదైతే అదవుతుంది" అని మన పెద్దవాళ్లు రోజుకు పదిసార్లు అంటారు. అది భ్రమ కాదు, మన మాటతీరు. "శని నడుస్తోంది, అందుకే కేసు వచ్చింది" అన్నా అంతే. కానీ "శని జడ్జిగారి ఒంట్లోకి వచ్చి నాతో మాట్లాడుతున్నాడు, అందుకే లాయర్ అక్కర్లేదు" అంటే, ఆ నమ్మకం అతన్ని కేసు నడపనివ్వడం లేదు. నమ్మకం వింతగా ఉందా అని కాదు, అది లాయర్‌తో పనికి అడ్డం వస్తోందా అని చూడాలి.

దీనికంటే పెద్ద చిక్కు "అవునండీ". పెద్దవాళ్లు, డాక్టర్లు, పోలీసులు ఏమడిగినా తల ఊపి అవునండీ అనడం మనకు చిన్నప్పటి నుంచీ అలవాటు. "హక్కులు అర్థమయ్యాయా?" "అవునండీ." "లాయర్ ఏం చేస్తారో తెలుసా?" "తెలుసండీ." దాని వెనక ఏమీ ఉండకపోవచ్చు. అలాంటప్పుడు డాక్టర్ "నీ మాటల్లో చెప్పు" అని అడిగారా, తెలుగు దుబాసీ ఉన్నారా లేక ఇంట్లోవాళ్లే అనువదించారా అని చూడండి. ఇంట్లోవాళ్లు ప్రేమతో మాటలు సర్దేస్తారు. దుబాసీ కావాల్సి రావడం మాత్రం కాంపిటెన్సీ లేకపోవడం కానే కాదు.

మా బావ సైకియాట్రిస్టే. రాత్రి ఫోన్ చేసి అడగొచ్చా?

వద్దు. బావనే కాదు, గూగుల్‌నీ అడగకూడదు. బావ చెప్పినదాన్ని లాయర్లు ప్రశ్నించలేరు, అది కోర్టులో పరీక్షకు నిలబడని మాట. మీరు అడిగారని తెలిస్తే మొత్తం విచారణే మళ్లీ మొదలుపెట్టాల్సి రావచ్చు. అర్థం కాని మాట ఉంటే చర్చ గదిలోంచి కాగితం మీద రాసి జడ్జికి పంపొచ్చు.

## చర్చ గదిలో

తలుపు వేశాక లోపల ఏం జరుగుతుంది? ఎలా తేలుస్తారు?

ఎలా చర్చించాలో ఎవరూ చెప్పరు. ఒక పెద్దను ఎన్నుకోమంటారు, జడ్జి ఇచ్చిన సూచనల కాగితాలు ఉంటాయి, అంతే.

మేం చేసిన మొదటి తప్పు వెంటనే ఓటు వేయడం. చేతులెత్తితే ఏడుగురు కాంపిటెంట్ అన్నారు, ఐదుగురు కాదన్నారు. ఒకసారి చెయ్యెత్తాక ఎవరి మాట వాళ్లు నిలబెట్టుకోవడానికే చూస్తారు. గంటసేపు వాదన తప్ప ఏమీ కదల్లేదు. అప్పుడు మా పెద్దగా ఉన్న స్కూలు టీచరు బోర్డు మీద రెండు ప్రశ్నలు రాసింది. లాయర్‌తో పని చేయగలడా? కేసు అర్థమవుతోందా? రెంటి కిందా కోర్టులో విన్నవి మాత్రమే రాయమంది. "నాకు అనిపిస్తోంది" అని ఎవరన్నా, "ఎవరు చెప్పారు, ఏ సాక్షి?" అని అడిగేది. నేరం సంగతి ఎవరన్నా ఎత్తితే బోర్డు వైపు చెయ్యి చూపించేది.

రెండో ప్రశ్న కింద చాలా చేరాయి. కేసు అతనికి తెలుసని దాదాపు అందరం ఒప్పుకున్నాం. మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోయాం. పక్క కుర్చీలో కూర్చున్న లాయర్‌తో ఒక్క నిజమైన మాటైనా మాట్లాడాడన్న ఆధారం కోసం నోట్సు మొత్తం తిరగేశాం. దొరకలేదు. బస్సు డ్రైవరు నోరు మూసుకునే సంగతి చెప్పింది అప్పుడే. ఒక్కొక్కరే మారుతూ వచ్చారు. చివరగా మారిన ఆవిడ చాలాసేపు కిటికీ దగ్గర నిలబడి, "నేను అతని మీద కోపంతో ఓటేశాను, ప్రశ్నకి కాదు" అంది. మరుసటి రోజు భోజనాల వేళకు పన్నెండు మందిమీ ఒకే మాట మీదకు వచ్చాం: ఇన్‌కాంపిటెంట్.

మీకు నా సలహా ఒకటే. ఓటు ఆలస్యంగా వేయండి, ముందు ప్రశ్న బోర్డు మీద రాయండి.

ఎంత నమ్మకం ఉండాలి? వంద శాతం ఉండాలా?

అక్కర్లేదు. ముద్దాయి కాంపిటెంట్ అని అనుకునే మొదలుపెడతారు. కాదని వాదించేవాళ్లు సాక్ష్యాలతో తక్కెడను తమవైపు కాస్త మొగ్గేలా చేస్తే చాలు. దోషి అని తేల్చడానికి కావాల్సిన "సందేహానికి తావులేని" రుజువు ఇక్కడ అడగరు.

ఓక్లహోమాలో ఒకప్పుడు ఇంతకంటే బలమైన రుజువు అడిగేవాళ్లు. అక్కడి బైరన్ కూపర్ మామూలు బట్టలు ఒంటిని కాలుస్తున్నాయని జైలు బట్టలే వేసుకునేవాడు, తనలో తాను మాట్లాడుకునేవాడు, సొంత లాయర్ దగ్గరికొస్తే వెనక్కి వెనక్కి జరిగి సాక్షి బోను మీద నుంచి పడిపోయాడు. అయినా రుజువు చాలలేదని విచారించి మరణశిక్ష వేశారు. 1996లో అమెరికా సుప్రీంకోర్టు ఆ కొలత రాజ్యాంగానికి విరుద్ధమని ఏకగ్రీవంగా కొట్టేసింది. తక్కెడ కాస్త మొగ్గితే చాలన్న నియమం ఎందుకుందో ఈ కేసు చూస్తే తెలుస్తుంది.

అందరూ ఒకే మాట మీద ఉండాలా? కుదరకపోతే?

టెక్సస్‌లోనూ కాలిఫోర్నియాలోనూ ఏకగ్రీవం కావాలి. ఒక్కరు అడ్డం తిరిగినా తీర్పు లేదు. కుదరకపోతే ఆ విచారణ రద్దయి, ఇంకో జ్యూరీ ముందు మళ్లీ నడుస్తుంది. టెక్సస్‌లోనే స్కాట్ పనెట్టి కేసులో 1994లో మొదటి జ్యూరీ తేల్చలేకపోయింది, రెండో జ్యూరీ కాంపిటెంట్ అంది. ఆ తరవాత అతను లాయర్ వద్దని, కౌబాయ్ బట్టల్లో వచ్చి తన కేసు తానే వాదించుకున్నాడు. సాక్షులుగా పిలవాలని ఇచ్చిన పేర్లలో యేసుక్రీస్తు, కెనడీ ఉన్నారు. ఆ కేసు గురించి చదివినప్పుడల్లా మొదటి జ్యూరీలో ఒప్పుకోని వాళ్లు గుర్తొస్తారు. మీకు నిజంగా నమ్మకం లేకపోతే, ఇంటికి త్వరగా వెళ్లాలని ఒప్పేసుకోకండి.

ఇన్‌కాంపిటెంట్ అంటే వదిలేస్తారేమో, బాధితులకు అన్యాయం కాదా?

ఈ భయం ప్రతి జ్యూరీ గదిలో ఉంటుంది, ఉండటం సహజం. వదిలేయరు. కేసు ఆగుతుంది, పోదు. సాధారణంగా వైద్యం చేయించి మళ్లీ తీసుకొస్తారు. ఇంకో సంగతి: అర్థం చేసుకోలేని మనిషిని విచారించి శిక్ష వేస్తే, ఏళ్ల తరవాత అప్పీలులో ఆ తీర్పు పోవచ్చు. అప్పుడు బాధితుల కుటుంబం మళ్లీ మొదటి నుంచీ కోర్టులో కూర్చోవాలి. వాళ్ల మీద జాలి ఉన్నా సరైన జవాబు ఇవ్వడమే వాళ్లకు మేలు.

## తీర్పు తరవాత

ఇన్‌కాంపిటెంట్ అని తేలితే ఎక్కడికి పంపుతారు, ఎన్నాళ్లు?

టెక్సస్‌లో కేసును బట్టి ప్రభుత్వ మానసిక ఆసుపత్రికి గానీ, జైల్లోనే నడిచే వైద్య కార్యక్రమానికి గానీ, బయట ఉంటూ వైద్యం పొందే పద్ధతికి గానీ పంపుతారు. తీవ్రమైన నేరాల్లో మొదట 120 రోజులు, చిన్న నేరాల్లో 60 రోజులు. అవసరమైతే ఒకసారి ఇంకో 60 రోజులు పొడిగించవచ్చు. ఆసుపత్రుల్లో మంచాలు చాలక చాలామంది జైల్లోనే నెలల తరబడి ఎదురుచూస్తున్నారు. జబ్బు మనిషిని ఇనుప తలుపు వెనక కూర్చోబెట్టి వైద్యం కోసం వేచి ఉండమనడం నాకు చాలా బాధ కలిగించే విషయం. మీ రాష్ట్ర ప్రతినిధికి రాయడానికి ఇంతకంటే మంచి కారణం ఉండదు.

శాశ్వతంగా ఉంచేయడానికి వీల్లేదు. ఇండియానాలో థియాన్ జాక్సన్ అనే చెవిటి, మూగ మనిషి మీద రెండు దొంగతనాల కేసు పెట్టారు, రెండూ కలిపి విలువ సుమారు 9 డాలర్లు. అతనికి బుద్ధి ఎదగలేదు, కాంపిటెంట్ అయ్యే ఆశ లేదు, అయినా అయ్యేదాకా ఆసుపత్రిలోనే ఉంచమన్నారు. అంటే బతికినంతకాలం. బాగుపడతాడో లేదో తేల్చడానికి పట్టే సబబైన కాలానికి మించి అలా ఉంచకూడదని 1972లో సుప్రీంకోర్టు చెప్పింది. ఇంకా ఉంచాలంటే నేరం కేసుతో సంబంధం లేని సివిల్ పద్ధతిలో వేరే ఉత్తర్వు తెచ్చుకోవాలి, లేదా వదిలేయాలి.

కాంపిటెంట్ అంటే మేమే శిక్ష వేసినట్టా?

కాదు. కేసు మామూలుగా ముందుకు నడుస్తుంది, అంతే. నిర్దోషిగా బయటపడవచ్చు, ఇన్‌సానిటీ వాదన కూడా చేయవచ్చు. మధ్యలో పరిస్థితి దిగజారితే కాంపిటెన్సీ ప్రశ్న మళ్లీ ఎత్తొచ్చు.

పరీక్షలో డాక్టర్‌కు చెప్పిన మాటల్ని తరవాత అతని మీదే వాడతారా?

నేరం రుజువు చేయడానికి ప్రాసిక్యూషన్ వాటిని వాడకూడదని టెక్సస్ చట్టం. ముద్దాయే ఆ మాటల్ని సాక్ష్యంగా తెస్తే మాత్రం అడ్డు తొలగుతుంది. కుటుంబ సభ్యులు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. ఆ భయంతో "డాక్టర్‌తో ఏమీ మాట్లాడకు" అని జైలు ఫోన్లో చెప్పకండి. జైలు ఫోన్లు రికార్డవుతాయి. లాయర్‌ను అడిగి, ఆయన చెప్పినట్టు చేయండి.

తీర్పు నచ్చకపోతే వెంటనే అప్పీలు ఉందా?

టెక్సస్‌లో కాంపిటెన్సీ తీర్పు మీద మధ్యలో అప్పీలుకు వెళ్లే హక్కు ఏ పక్షానికీ లేదు. విచారణ జరిగి శిక్ష పడితే, అప్పుడు అప్పీలులో ఈ విషయం ఎత్తొచ్చు.

ఇంటికొచ్చాక నిద్ర పట్టడం లేదు. ఆ మనిషి ఏమయ్యాడో తెలుసుకోవచ్చా?

జడ్జి మిమ్మల్ని విడుదల చేశాక ఇంట్లోవాళ్లతో మాట్లాడుకోవచ్చు. మాట్లాడండి, లోపలే పెట్టుకోకండి. కొన్ని కోర్టుల్లో జ్యూరర్లకు కౌన్సెలింగ్ కూడా ఏర్పాటు చేస్తారు, గుమస్తాను అడగండి. సాధారణంగా కేసు తేదీలు కౌంటీ కోర్టు గుమాస్తా వెబ్‌సైట్‌లో ఎవరైనా చూడొచ్చు.

నేను ఏడెనిమిది నెలలు చూడలేదు. ఒక రాత్రి పిల్లలు పడుకున్నాక వంటింటి బల్ల దగ్గర కూర్చుని కేసు నంబర్ కొట్టాను. ఆసుపత్రి నుంచి తిరిగి వచ్చినట్టు ఒక వరుస, కాంపిటెన్సీ తిరిగి వచ్చిందని కోర్టు ఒప్పుకున్నట్టు ఇంకో వరుస. దాని కింద తరవాతి వాయిదా తేదీ, డిఫెన్స్ లాయర్ పేరు. ఆ పేరు మారలేదు, అదే లాయరమ్మ.